పాఠకుల ప్రశ్నలు: షీప్ నది ఒడ్డున ఓకటోక్స్

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే ఊరి గురించి అడిగాయి. కెనడాలో, అల్బర్టా రాష్ట్రంలో, కాల్గరీకి దక్షిణాన ఉన్న ఓకటోక్స్. నేనుండేది ఆ ఊళ్లోనే. పొద్దున్నే కాల్గరీ డౌన్‌టౌన్‌కి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే ఉద్యోగం చాలా ఏళ్లు చేశాను. ఇప్పుడు రిటైరయ్యాను. నది ఒడ్డున నడవడానికి, పాత సంగతులు చదువుకోవడానికి తీరిక దొరికింది. అందుకని ఈసారి కొన్ని జవాబులు పొడుగ్గానే ఉంటాయి.

ప్రశ్న: మావారికి కాల్గరీలో ఉద్యోగం. ఇల్లు ఓకటోక్స్‌లో కొందామంటున్నారు. అది నిజంగా ఊరేనా, లేక కాల్గరీలో పనిచేసేవాళ్లు రాత్రిళ్లు పడుకోవడానికి కట్టుకున్న కాలనీయా? పగలంతా నేనొక్కదాన్నే ఉండాలి. – ఒక పాఠకురాలు, కాల్గరీ

జవాబు: ఊరేనమ్మా, అందులో అనుమానం పెట్టుకోకండి. పొద్దున ఏడింటికి హైవే 2 మీద ఉత్తరానికి బారులు తీరే కార్లను చూస్తే మీకొచ్చిన అనుమానమే ఎవరికైనా వస్తుంది. కానీ ఈ చోట మనుషులు ఆగడం మొదలై చాలా కాలమైంది.

మొదట ఇది బ్లాక్‌ఫుట్ అనే ఆదివాసీ ప్రజల నేల. అడవిదున్నల మందల వెంట వాళ్లు తిరిగిన దారులు ఈ లోయ గుండా పోతాయి. 1877లో వాళ్లకీ బ్రిటిష్ రాణి ప్రభుత్వానికీ మధ్య ఈ నేల గురించి ఏడో ఒప్పందం (ట్రీటీ 7) జరిగింది. దానికి కాస్త ముందే మౌంటెడ్ పోలీసులు (గుర్రాల మీద తిరిగే కెనడా పోలీసులు) దక్షిణాన ఫోర్ట్ మెక్లౌడ్ (1874), ఉత్తరాన ఫోర్ట్ కాల్గరీ (1875) కట్టారు. ఆ రెండు కోటల మధ్య సామాన్ల బండ్లూ గుర్రపు బండ్లూ నడిచిన బాటే మెక్లౌడ్ ట్రయల్. ఇప్పుడు కాల్గరీలో కార్లు నడిచే మెక్లౌడ్ ట్రయల్ రోడ్డు ఆ బాటే. అది షీప్ నదిని దాటేది ఇక్కడే. నదిలోకి బండి దింపే ముందు గుర్రాలకు కాస్త విశ్రాంతి కావాలి, మనిషికి ముద్ద కావాలి. రేవు దగ్గర ప్రయాణికులు ఆగే ఇళ్లు వెలిశాయి, వాటి చుట్టూ ఊరు పెరిగింది.

1890ల మొదట్లో జాన్ లైన్‌హామ్ ఇక్కడ కోతమిల్లు పెట్టాడు. పడమటి కొండల్లో కొట్టిన దుంగలను షీప్ నదిలో వదిలితే అవి కొట్టుకుంటూ మిల్లు దాకా వచ్చేవి. ఈయనే తర్వాత 1902లో వాటర్టన్ ప్రాంతంలో పశ్చిమ కెనడా తొలి చమురు బావుల్లో ఒకదాన్ని తవ్వించాడు. ఊళ్లో ఇటుకల తయారీ కూడా సాగింది. 1904లో దీనికి టౌన్ హోదా వచ్చింది. 1914లో దగ్గర్లోనే, టర్నర్ వ్యాలీలో డింగ్‌మన్ బావి నుంచి చమురు, గ్యాసు పైకొచ్చాయి. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ సందడి తగిలింది. కాల్గరీకి వెళ్లొచ్చే ఉద్యోగుల ఊరుగా మారడం వీటన్నిటి తర్వాతి కథ.

మీకు పగటిపూట కాలక్షేపం గురించి కదా బెంగ. ఊరు నది లోయలో కూర్చుని ఉంది. ఎల్మా స్ట్రీట్, ఎలిజబెత్ స్ట్రీట్ ఉన్న పాత ఊరు కింద పల్లంలో ఉంటుంది. ఉత్తరాన, దక్షిణాన గట్ల మీద కొత్త కాలనీలు. ఇల్లు చూసేటప్పుడు కారు లేకుండా లోయలోకి ఎలా దిగుతారో ఒకసారి నడిచి చూసుకోండి. నదీతీర బాటలు బాగుంటాయి, లైబ్రరీ ఉంది, మ్యూజియం ఉంది. 2019 నుంచి పిలిస్తే వచ్చే చిన్న బస్సులు నడుస్తున్నాయి. వాటికి నిర్ణీతమైన రూటంటూ లేదు, మీరు బుక్ చేసుకున్న చోటికి వస్తాయి. ఇవన్నీ నదికి దగ్గరగా ఉన్నవాళ్లకి ఎక్కువ అందుతాయి. గట్టు చివర పెద్ద ఇల్లు కంటే కింద చిన్న ఇల్లు మీకు మేలని నా అభిప్రాయం. కాకపోతే కింద కొనేముందు వరద గురించి ఇంకో పాఠకుడికి ఇచ్చిన జవాబు కూడా చదవండి.

ప్రశ్న: ఓకటోక్స్ దగ్గర పొలాల మధ్య ఒక పెద్ద బండరాయి ఫొటో చూశాను. చుట్టూ కొండ కాదు కదా, చిన్న గుట్ట కూడా లేదు. ఎక్కడి నుంచి వచ్చింది? – ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: బాబూ, ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను.

ఊరికి పడమరగా, హైవే 7 మీద ఏడు కిలోమీటర్లు వెళితే ఆ బండ కనిపిస్తుంది. అందరూ బిగ్ రాక్ అంటారు. సుమారు 41 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల ఎత్తు. బరువు దాదాపు 16,500 టన్నులని అంచనా. ఊరి పేరు కూడా రాయిని చెప్పే బ్లాక్‌ఫుట్ మాట నుంచే వచ్చింది.

దాని రంగు, గట్టిదనం చూడు. ఈ నేల కింద ఉన్నవి మెత్తటి ఇసుకరాయి, షేల్ అనే పొరల రాయి. ఈ బండ క్వార్ట్‌జైట్. ఇంత గట్టి క్వార్ట్‌జైట్ దగ్గర్లో ఎక్కడా లేదు. ఉన్నది వాయవ్యంగా వందల కిలోమీటర్ల దూరాన, రాకీ పర్వతాల్లో జాస్పర్ దగ్గర అథబాస్కా లోయలో. అక్కడ మంచుయుగంలో ఒక కొండచరియ విరిగి హిమానీనదం మీద పడింది. నీళ్లలో పడితే రాళ్లు మునిగిపోయేవి. మంచు మీద పడ్డాయి కాబట్టి దాని వీపు మీద ప్రయాణం చేశాయి. ఆ మంచు మెల్లగా పర్వతాల్లోంచి తూర్పు మైదానం వైపు జారింది. అక్కడ దానికి అడ్డంగా ఇంకో మహా హిమఫలకం నిలబడి ఉంది. తూర్పు కెనడా అంతా కప్పేసి, పడమరగా ఇక్కడి దాకా వచ్చిన లారెంటైడ్ మంచు అది. ముందుకు దారి లేక కొండల నుంచి వచ్చిన మంచు ఆగ్నేయానికి తిరిగింది. పర్వతాల అంచు వెంబడే సాగింది. తర్వాత వాతావరణం వేడెక్కి, మంచు కరిగి, రాళ్లు ఎక్కడివక్కడ దిగిపోయాయి. అల్బర్టా నుంచి అమెరికాలో ఉత్తర మోంటానా దాకా అలాంటి రాళ్లు సన్నటి వరుసగా పడి ఉన్నాయి. ఆ వరుసలో తెలిసినవాటిలో అతి పెద్దది ఇదే. ఇదంతా జరిగి పది వేల ఏళ్లకు పైమాట.

బండ మధ్యలో పెద్ద చీలిక ఉంటుంది. దానికి బ్లాక్‌ఫుట్ వాళ్లు చెప్పే కథ ఉంది. నాపి అనే ఆయన ఎండలో నడిచి నడిచి ఈ రాయి మీద కూర్చున్నాడు. తన దుప్పటిని రాయికి కానుకగా ఇచ్చాడు. కాసేపటికి చలి గాలి మొదలైంది. దుప్పటి తిరిగిమ్మంటే రాయి ఇవ్వనంది. నాపి లాక్కుని నడక సాగించాడు. వెనక పెద్ద చప్పుడు. చూస్తే రాయి దొర్లుకుంటూ వెంటపడింది! అడ్డుకోబోయిన జంతువులు నలిగిపోయాయి. చివరికి గబ్బిలాలు దూసుకొచ్చి రాయిని కొట్టాయి, ఒక దెబ్బ సరిగ్గా తగిలి రాయి రెండుగా చీలింది. గబ్బిలం ముఖం చప్పిడిగా ఎందుకుంటుందో కూడా ఈ కథే చెబుతుంది.

ఈ రాయి వేరే చోటి నుంచి కదిలి వచ్చిందన్న సంగతి ఆ కథలో ఉంది చూశావా? భూగర్భ శాస్త్రవేత్తలు రాకముందే ఈ నేల మీద బతికినవాళ్లు రాయినీ చుట్టూ ఉన్న నేలనీ కలిపి చూసి, ఇది ఇక్కడిది కాదని పట్టుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది అందుకే. రాయి మీద ఎర్రమట్టితో గీసిన పాత బొమ్మలు కూడా ఉన్నాయి. 1978లో రాష్ట్రం దీన్ని చారిత్రక సంపదగా రక్షణలోకి తీసుకుంది. దాని మీదికి ఎక్కొద్దని బోర్డు పెట్టారు. ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: ఊళ్లోంచి రైలు పట్టాలు పోతున్నాయి, స్టేషన్ కూడా ఉందట. మరి కాల్గరీకి రైలెక్కి ఎందుకు వెళ్లరు? – ఒక పాఠకుడు, ఎడ్మంటన్

జవాబు: కాల్గరీ నుంచి మెక్లౌడ్ వైపు రైలు మార్గం 1892లో వేశారు. దాంతో గుర్రపు బండి కాలం ముగిసింది. పట్టాలు ఇప్పటికీ ఉన్నాయి కానీ వాటి మీద నడిచేవి గూడ్సులే. పాత స్టేషన్‌లో ఆర్ట్ గ్యాలరీ ఉంది. రోడ్డు మీద కాల్గరీ డౌన్‌టౌన్ నలభై కిలోమీటర్లు దాటుతుంది. 2004 నుంచి కాల్గరీ నగర రైలు దక్షిణాన సోమర్‌సెట్-బ్రైడల్‌వుడ్ దాకా వస్తోంది. మావాళ్లు చాలామంది అక్కడి దాకా కారులో వెళ్లి, కారు పెట్టి రైలెక్కుతారు. 2016లో కాల్గరీకి ప్రాంతీయ బస్సు ప్రయోగంగా నడిచింది, నిలవలేదు. ముప్పై వేలమంది ఉన్న ఊరికి పక్క నగరానికి ఒక బస్సైనా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. కారు నడపలేని ముసలివాళ్లకీ చదువుకునే పిల్లలకీ అది కనీస అవసరం.

ప్రశ్న: ఓకటోక్స్ ఒకప్పుడు "ముప్పై వేలమందికి మించి పెరగం" అని తీర్మానం చేసిందని విన్నాను. ఎవరైనా ఊరు పెరగాలని కోరుకుంటారు గానీ వద్దంటారా? తర్వాత ఎందుకు మనసు మార్చుకున్నారు? – ఒక పాఠకుడు, టొరంటో

జవాబు: నీళ్లండీ. ఈ ఊరి చరిత్రలో ఏ పేజీ తీసినా కింద నీళ్లే ఉంటాయి.

షీప్ నది పెద్ద నది కాదు. రాకీ పర్వతాల్లో పుట్టి తూర్పుకు ప్రవహించి, డైమండ్ వ్యాలీ దాటి మా ఊళ్లోకి వస్తుంది. ఊరు దాటాక హైవుడ్ నదిలో, అది బో నదిలో కలుస్తాయి. ఆ నీళ్లు చివరికి సస్కాచెవన్ నది మీదుగా విన్నిపెగ్ సరస్సుకు, అక్కడి నుంచి హడ్సన్ బే దాకా పోతాయి. జూన్‌లో మంచు కరిగి, వానలు తోడై, నది ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది. చలికాలం చివరికి రాళ్ల మధ్య సన్నటి పాయ. ఊరికి తాగునీళ్లు ఈ నది పక్కన ఇసుక, గులకరాళ్లలో తవ్విన లోతు తక్కువ బావుల నుంచే వస్తాయి. నది చిక్కితే బావి చిక్కినట్టే.

1996లో ఊరి జనాభా సుమారు 8,500. కాల్గరీ చమురు కంపెనీల ఉద్యోగాలతో పొంగుతోంది, ఇళ్లు కట్టేవాళ్లు పొలాల వైపు చూస్తున్నారు. అప్పుడు ఊరివాళ్లు ఒక లెక్క వేశారు. ఈ నది ఎంతమందికి నీళ్లివ్వగలదు? వాడిన మురుగునీటిని శుద్ధి చేసి వదిలితే ఎంతవరకు తట్టుకోగలదు? జవాబు ముప్పై వేలకు అటూఇటూ వచ్చింది. 1998లో టౌన్ కౌన్సిల్ దాన్నే హద్దుగా రాసుకుంది. ఊరిని నది కొలతకు కుట్టుకోవాలన్న ఆలోచన అది. ఉత్తర అమెరికాలో ఊళ్లు ఎలా పెరుగుతాయో చూసినవాళ్లకి అదెంత ధైర్యమో తెలుస్తుంది. అప్పటి కౌన్సిల్ సభ్యులంటే నాకు ఇప్పటికీ అభిమానం.

జనం మాత్రం ఆగలేదు. 2011 నాటికి 24,500 దాటింది. హద్దు కళ్లముందు కనిపిస్తుండగా 2012లో కౌన్సిల్ దాన్ని ఎత్తేసింది. కారణాలు పూర్తిగా కొట్టిపారేసేవి కావు. ఈ ఊరు ఆగినా కాల్గరీ చుట్టూ జనం పెరగడం ఆగదు. ఇక్కడ కట్టని ఇళ్లు ఊరి సరిహద్దు బయట కౌంటీ (చుట్టుపక్కల గ్రామీణ ప్రాంతపు పాలనా విభాగం) పొలాల్లో లేస్తాయి, వాటి మీద ఊరికి అజమాయిషీ ఉండదు. ఇళ్ల ధరలు పెరిగి ఇక్కడే పుట్టిన పిల్లలు ఇక్కడ ఉండలేకపోతారన్న భయమూ ఉంది. 2017లో ఊరు చుట్టుపక్కల భూమిని తనలో కలుపుకుంది. 2021 జనగణనలో జనాభా ముప్పై వేలు దాటింది.

హద్దు కాగితం మీద పోయింది గానీ నీళ్ల దగ్గర పోలేదు. అల్బర్టాలో నది నీళ్లు తోడుకోవాలంటే రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. కరువొస్తే పాత లైసెన్సు ఉన్నవాడికి ముందు, కొత్తవాడికి తర్వాత. 1894 నాటి సాగునీటి చట్టం నుంచి ఇదే పద్ధతి. 2006లో బో నదీ ప్రాంతంలో కొత్త లైసెన్సులకు దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. షీప్ నది అందులోదే. అప్పటి నుంచి ఎక్కువ నీళ్లు కావాలంటే ఉన్న లైసెన్సును ఎవరి దగ్గరైనా కొనాలి. బదిలీ అయ్యేటప్పుడు పదో వంతు దాకా నది కోసం పట్టి ఉంచే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఈ చివరి నిబంధన నాకు చాలా ఇష్టం. అమ్మేవాడు, కొనేవాడు మాట్లాడుకునేటప్పుడు నదికీ ఒక వాటా ఉంటుంది. బో నది నుంచే గొట్టాలు వేసి నీళ్లు తెచ్చుకునే ప్రాజెక్టును ఊరు, ఫుట్‌హిల్స్ కౌంటీ కలిసి తలకెత్తుకున్నాయి.

నన్నడిగితే హద్దు ఎత్తేసినందుకు విచారమే. ముప్పై వేలన్న అంకె గురించి కాదు నా బాధ. ఆ అంకె ఉన్నన్నాళ్లూ ఊళ్లో ప్రతి ఇంటి చర్చలోనూ నది ఉండేది. పచ్చిక తడపాలా వద్దా అన్న దగ్గర్నుంచి కొత్త కాలనీ దాకా "నది ఇస్తుందా?" అని అడిగేవాళ్లం. బో నది గొట్టం వస్తే ఆ ప్రశ్న అడిగేవాళ్లు తగ్గుతారని నా భయం.

ప్రశ్న: వేసవి ఎండను దాచుకుని చలికాలంలో ఇళ్లు వేడి చేసుకునే కాలనీ మీ ఊళ్లో ఉందని మా సార్ చెప్పారు. నిజమేనా? – ఎనిమిదో తరగతి పాఠకురాలు

జవాబు: నిజమే తల్లీ, కానీ "ఉండేది" అనాలి. డ్రేక్ లాండింగ్ అనే కాలనీలో 52 ఇళ్లు. వాటి గ్యారేజీల కప్పుల మీద 800 సౌర ఫలకాలు పెట్టారు. అవి కరెంటు తీసేవి కాదు, లోపల పారే ద్రవాన్ని వేడిచేసేవి. ఆ వేడిని భూమిలో 37 మీటర్ల లోతున తవ్విన 144 బోర్లలోకి పంపేవారు. ఎండాకాలమంతా అలా పంపితే లోపలి మట్టి, రాయి బాగా వేడెక్కేవి. చలికాలంలో ఆ వేడినే నీళ్లతో పైకి తీసి గొట్టాల ద్వారా ఇంటింటికీ ఇచ్చేవారు. 2007లో మొదలైన ఈ ఏర్పాటు 2015-16 చలికాలంలో ఇళ్లకు కావలసిన వేడిని నూటికి నూరు శాతం ఎండ నుంచే ఇచ్చింది. బయట సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి దిగగల చోట ఇది సాధించారు!

తర్వాత పరికరాలు పాతబడ్డాయి, మరమ్మతు ఖర్చు పెరిగింది. 52 ఇళ్ల కోసమే చేసిన ప్రత్యేక యంత్రానికి విడిభాగాలు దొరకడం తేలిక కాదు. 2024లో ఆపేశారు, ఆ ఇళ్లు మామూలు పద్ధతికి మారాయి. పని చేయదని తేలి ఆగిపోలేదు, అది గుర్తుపెట్టుకో. మీ సార్‌కి కూడా చెప్పు.

ప్రశ్న: 2013 వరదల్లో పక్కనే ఉన్న హై రివర్ మునిగిపోయింది కదా. ఓకటోక్స్‌లో నది పక్కన ఇల్లు కొనవచ్చా? – ఒక పాఠకుడు, కాల్గరీ

జవాబు: ఆ జూన్‌లో కొండల్లో ఇంకా మంచు ఉండగానే కుండపోత వాన కురిసింది. హై రివర్ హైవుడ్ నది మీద, చదునైన నేలలో ఉంది. నది ఒడ్డు దాటితే నీళ్లు ఊరంతా పరుచుకుంటాయి. అక్కడ దాదాపు పదమూడు వేలమంది ఇళ్లు వదలాల్సి వచ్చింది. మా ఊళ్లో షీప్ నదికి లోతైన లోయ ఉంది, ఎక్కువ ఇళ్లు గట్ల మీద ఉన్నాయి. అందుకే మాకు దెబ్బ అంత పెద్దది కాలేదు. అయినా పల్లంలో ఉన్నవాళ్లని ఖాళీ చేయించారు, తీరపు బాటలు కోసుకుపోయాయి. రాష్ట్ర ప్రభుత్వపు వరద పటం అందరికీ చూసే వీలుంది. ఏజెంటు మాట వినే ముందు ఆ పటంలో ఇల్లు ఎక్కడుందో చూడండి. ఇన్సూరెన్సు కంపెనీని కూడా ముందే అడగండి. ఇల్లు నచ్చాక అడిగితే మనసు వినదు.

ప్రశ్న: చలికాలంలో ఒక్కరోజులో మంచంతా కరిగిపోతుందట, నిజమా? – ఒక పాఠకురాలు, వాంకూవర్

జవాబు: అవును, షినూక్ గాలి. పసిఫిక్ నుంచి వచ్చే గాలి రాకీల అవతల తేమ వదిలేసి, ఇటు దిగేటప్పుడు వేడెక్కుతుంది. కొన్ని గంటల్లో ఇరవై డిగ్రీలు పెరగడం ఇక్కడ కొత్త కాదు. పడమట ఆకాశంలో విల్లులా మేఘం కనిపిస్తే మైగ్రేన్ ఉన్నవాళ్లు మాత్రలు దగ్గర పెట్టుకుంటారు.

ప్రశ్న: మా అమ్మానాన్న జూన్‌లో వస్తున్నారు. నాన్నకి మోకాళ్ల నొప్పి. ఓకటోక్స్‌లో ఒక్కరోజు ఏం చూపించాలి? – ఒక పాఠకుడు, కాల్గరీ

జవాబు: పొద్దున్నే బిగ్ రాక్ దగ్గరకు తీసుకెళ్లండి. పార్కింగ్ నుంచి రాయి దాకా చదునైన బాట, నాన్నగారు మెల్లగా నడవగలరు. పడమర వైపు నిలబెడితే రాకీలు వరుసగా కనిపిస్తాయి. మధ్యాహ్నం పాత స్టేషన్‌లో గ్యాలరీ, ఆ పక్కనే మ్యూజియం. తర్వాత ఎల్మా స్ట్రీట్‌లో చెట్ల నీడన నడిపించండి. సాయంత్రం నదీతీర బాట మీద బెంచీ చూసుకుని కూర్చోండి. జూన్ అంటే నది ఉధృతంగా ఉండే నెల, నీళ్లు చల్లగా, వడిగా ఉంటాయి. అమ్మగారు పాదాలు తడుపుకుంటానన్నా ఒడ్డు రాళ్ల మీదకి దిగనివ్వకండి. పొద్దు తొమ్మిదిన్నర దాటినా పోదు కానీ చలి ముందే వస్తుంది, ఇద్దరికీ స్వెట్టర్లు కారులో పెట్టండి.